బడిలో భయబోధ: ఒక ఖండనము

పసివయస్సున ధూమపానమునకు లోబడు బాలబాలికలను గూర్చి మన విద్యాధికారులలోను, వైద్యులలోను, తల్లిదండ్రులలోను నేడు స్థిరపడియున్న అభిప్రాయ మొకటి కలదు. బాలుడు అజ్ఞానముచేత సిగరెట్టు ముట్టుచున్నాడనియు, ఆ పొగ యెంతటి ప్రాణాంతకమో తెలియజెప్పినచో వాడు దాని జోలికి పోడనియు, తెలియజెప్పుటకు మిక్కిలి అనువైన మార్గము భయపెట్టుటయే యనియు ఆ అభిప్రాయసారము. దీని ననుసరించియే మన పాఠశాలలలో ఏటేట ఒక వైద్యునో, ఒక పోలీసు అధికారినో పిలిపించి, పిల్లలను వరుసలుగా నిలిపి, నల్లబడిన ఊపిరితిత్తుల పటమును, పుండుపడిన దవడ పటమును చూపించి, ఒక ప్రతిజ్ఞ చేయించి, వ్యాసరచనపు పోటీ పెట్టి, మొదటి ముగ్గురికి బహుమతులిచ్చి, కార్యక్రమము ముగిసినదని రిజిస్టరులో వ్రాసికొనుచున్నారు. ఇట్లు చేయువారి సద్బుద్ధిని నేను శంకింపను. వారిలో పెక్కురు నోటిపుండుతో అన్నము మ్రింగలేని రోగులను కన్నులార చూచి, గుండె కరగి, ఆ దుర్గతి పసిపిల్లలకు పట్టరాదని వచ్చినవారే. కాని వారు నమ్మిన సిద్ధాంతమే అసత్యమని నా వాదము. భయబోధ పిల్లవానిని పొగనుండి కాపాడదు. అంతకంటె పెద్ద కీడేమనగా, కాపాడగల పనికి దక్కవలసిన కాలమును, శ్రద్ధను, ధనమును అది హరించుచున్నది.

మొదట, బాలుడు నిజముగా అజ్ఞానియా యని విచారింతము. 2012 నుండి మన సినిమాహాళ్ళలో పొగత్రాగు దృశ్యములున్న ప్రతి చిత్రమునకు ముందును, నడుమను హెచ్చరిక చూపవలెనన్న నిబంధన అమలులో నున్నది. ఆ హెచ్చరికలోని మాటలను ఒక్క అక్షరము తప్పక అప్పగించు పిల్లలు మన వీధివీధినా కలరు. 2016 ఏప్రిల్ 1 నుండి సిగరెట్టు పెట్టె మీదను, బీడీకట్ట మీదను నూటికి 85 పాళ్ళ స్థలము హెచ్చరికకును, రోగచిత్రమునకును కేటాయింపబడినది. ఏడవ తరగతి చదువు పిల్లవానిని నిలిపి, సిగరెట్టు త్రాగిన నేమగునని యడిగినచో, క్యాన్సరు వచ్చునని తడుముకొనక చెప్పును. గోడచాటున దమ్ము లాగి వచ్చిన వాని స్నేహితుడును అదే సమాధానము అంత స్పష్టముగాను చెప్పును. ఇద్దరికిని తెలివి సమానమే; నడవడి మాత్రము వేరు. అట్టియెడ ఆ భేదమునకు కారణము తెలివిలో వెదకుట యేమి న్యాయము? ఈ సంగతి నేడు క్రొత్తగా కనుగొన్నదియు కాదు. 1970 దశకమున అమెరికాలోని హ్యూస్టన్ నగరమున రిచర్డ్ ఎవాన్స్ అను మనశ్శాస్త్రజ్ఞుడు బడిపిల్లలతో పనిచేయుచు, ధూమపానపు కీడు వారికి ముందే తెలిసియున్నదనియు, తెలిసియుండియు తోటివారి ఒత్తిడికిని, ఇంటి పెద్దల నడవడికిని, ప్రకటనల ఆకర్షణకును లొంగిపోవుచున్నారనియు గ్రహించి, ఆ ఒత్తిళ్ళను గుర్తుపట్టుటయు, వానిని త్రోసిపుచ్చుటయు నేర్పు పద్ధతికి నాందీవాక్యము పలికెను. అర్ధశతాబ్ది కావచ్చినది. మనము మాత్రము నేటికిని నల్లని ఊపిరితిత్తుల పటమును పట్టుకొని తిరుగుచున్నాము.

వయస్సు మాట యొకటి చెప్పవలెను. 2019లో మన దేశమున పదమూడు మొదలు పదునైదు సంవత్సరముల వయస్సు గల విద్యార్థులను గూర్చి జరిగిన జాతీయ సర్వేలో నూటికి 8.5 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లు తేలెను. ఇంకను శోచనీయమైన విషయము, సిగరెట్టు త్రాగిన పిల్లలలో నూటికి 38 మంది, బీడీ త్రాగిన పిల్లలలో నూటికి 47 మంది పదవ పుట్టినరోజు రాకముందే మొదలుపెట్టిరన్నది. పదేండ్లు నిండని బిడ్డ అయిదవ తరగతిలోనో, నాలుగవ తరగతిలోనో యుండును. మన భయబోధ సాధారణముగా ఉన్నత పాఠశాలలోని పై తరగతులకు జరుగుచున్నది. తాత బీడీకట్ట తెమ్మని కొట్టుకు పంపినప్పుడు, పొయ్యిలో నుండి నిప్పంటించి తెమ్మన్నప్పుడు, ఆ నిప్పు ఆరకుండ దారిలో ఒక్కసారి పీల్చినప్పుడు ఆ బిడ్డకు మొదటి పాఠము జరిగిపోయినది. నాలుగైదేండ్ల తరువాత వేదికనెక్కి మనము చెప్పు ఉపన్యాసము ఆ పాఠమునకు సమాధానము కానేరదు.

తెలివియే చాలునన్న వాదమునకు మన తెలుగునాటనే తిరుగులేని ప్రతిసాక్ష్యము కలదు. విశాఖపట్టణము మొదలు శ్రీకాకుళము దాక తీరప్రాంతపు పల్లెలలో స్త్రీలు చుట్టను, వెలుగుచున్న కొన నోటిలోపల నుండునట్లు పెట్టుకొని కాల్చు ఆచారము చిరకాలముగా నున్నది. దానినే అడ్డపొగ యందురు. నిప్పు నాలుకకును అంగిలికిని నడుమ నుండును. అంగిలి తెల్లబారును, గరుకెక్కును, కొందరికి అక్కడనే పుండు పుట్టి క్యాన్సరుగా పరిణమించును. తీరాంధ్రమున అంగిలి క్యాన్సరునకు ఈ అలవాటే కారణమని 1957 నాటికే వైద్యులు వైద్యపత్రికలో ప్రకటించిరి. తరువాతి దశకమున శ్రీకాకుళము జిల్లాలో పరిశోధకులు ఇంటింటికి తిరిగి నోళ్ళు పరీక్షించిరి. ఆ స్త్రీకి తన అలవాటు చేయు హానిని ఎవరును పటము గీసి చూపనక్కరలేదు. నాలుక కొనతో తడిమిన చాలును, ఆమెకే తెలియును. ఐనను ఆమె కాల్చుచునే యున్నది. ఏలయనగా ఆమె తల్లి కాల్చెను, అత్త కాల్చెను, పొలము గట్టున కూర్చున్నప్పుడు ప్రక్కనున్న తోటివారు కాల్చిరి. ఆ వరుసలో తానును చిన్ననాడే చేరెను. సొంత నోటిలో అనుదినము అనుభవించు బాధయే ఒక అలవాటును ఆపలేకపోవునెడల, ఎవరిదో ఊపిరితిత్తి బొమ్మ ఆపునని నమ్ముట యెట్లు?

ఇదే శ్రీకాకుళమునందును, కేరళలోని ఎర్నాకుళమునందును, గుజరాతులోని భావనగరమునందును 36,000 మంది పొగాకు వాడువారి నడుమ జరిగిన ఒక ప్రయత్నపు ఫలితములు 1986లో వెలువడినవి. మానుకొన్నవారి సంఖ్య పెరిగినదనియు, నోటిలోని తెల్లమచ్చలు తగ్గినవనియు అందు తేలినది. దీనిని భయబోధకులు తమ పక్షపు సాక్ష్యముగా చూపవచ్చును. కాని అక్కడ జరిగినది ఒకనాటి సభ కాదు. ఏటేట మనుష్యులు పల్లెకు వచ్చి, నోరు పరీక్షించి, ముఖాముఖిగా మాటలాడి, మరుసటి యేడు మరల వచ్చిరి. ఫలించినది ఆ పునరాగమనము, ఆ పలుకరింపు.

ఇక బాలుని చేతికి మొదటి సిగరెట్టు ఎట్లు చేరుచున్నదో తెలిసికొనగోరువారు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును మరియొకసారి తెరచి చూడవలెను. 1897లో తొలిసారి అచ్చయిన ఆ నాటకములో వెంకటేశము గిరీశము వద్ద చదువు నేర్వబోయి చుట్ట కాల్చుట నేర్చెను. ఆ మాట వాడే గిరీశముతో అనును. ఆ బాలునికి చుట్ట యెట్టిదో తెలియక కాదు. గిరీశమువంటి వాడు, ఇంగ్లీషు మాటలాడువాడు, లోకము చూచినవాడు, తన్నొక సమానునిగా ఎంచి చుట్ట అందించినప్పుడు దానిని కాదనుట ఆ వయస్సున ఎంత దుష్కరమో అప్పారావుగారు ఎరుగుదురు. నేటి బడిలోను గిరీశములు కలరు. పదవ తరగతి తప్పి ఇంకను బడి ప్రక్కనే తిరుగువాడు, మోటారుసైకిలు నడుపువాడు, క్రికెట్టులో మేటియైనవాడు, ఆరవ తరగతి బాలుని భుజముపై చేయివేసి, సగము కాల్చిన సిగరెట్టును అందించును. ఆ క్షణమున ఆ బాలుని మనస్సులో నున్న ప్రశ్న, ఇది త్రాగిన నలువది సంవత్సరములకు క్యాన్సరు వచ్చునా యని కాదు. వద్దన్నచో వీరు నన్ను చిన్నపిల్లవానిగా చూతురా, రేపటి ఆటకు పిలువరా యని మాత్రమే. మన ఉపన్యాసము మొదటి ప్రశ్నకు సమాధాన మిచ్చి, రెండవదానిని తాకనైన తాకలేదు.

భయము మనుష్యుని ఆపదా యని అడుగవచ్చును. ఆపును. కాలిముందు పాము కనబడినచో ఎంతటి సాహసియైనను వెనుకకు గంతువేయును. ఆ భయమునకు ఫలించు శక్తి, అపాయము ఇక్కడ, ఇప్పుడు, తప్పక కలుగునన్న నమ్మకము వలన వచ్చినది. పదమూడేండ్ల బాలునికి ఏబదవయేట రాబోవు రోగము ఇంకొకరి జన్మములోని వార్త. అంతేకాక, ఆ వయస్సున అపాయమే ఒక ఆకర్షణ. పెద్దలు వద్దన్నదియు, ప్రాణాంతకమని చెప్పినదియునగు వస్తువును చేతపట్టి నిలుచుట, నేను భయపడనివాడనని తోటివారికి చూపుకొనుటకు దొరకిన సులభసాధనము. మనము భయమును ఎంత పెంచినచో, ఆ ధైర్యప్రదర్శనకు అంత విలువ కట్టుచున్నాము. భయబోధకు అదరి దూరముగా నుండునది, స్వభావము వలననే పొగజోలికి పోని మెత్తని పిల్లలు. మనము కాపాడవలసిన సాహసి, అల్లరివాడు, చదువులో వెనుకబడి మరియే విధముననైన గుర్తింపు కోరువాడు, సభ ముగియుటతోడనే నవ్వుచు వెళ్ళిపోవును.

అట్లయిన రోగములను గూర్చిన సత్యమును దాచవలెనా? దాచనక్కరలేదు. సత్యము చెప్పవలసినదే; కాని బాలునికి సమీపమైన సత్యమునుండి ఆరంభింపవలెను. పరుగుపందెములో ముందు ఊపిరి తగ్గును, నోరు కంపుకొట్టును, అల్పకాలములోనే, అప్పుడప్పుడు త్రాగువానికి సైతము, మనస్సు దాని వైపు లాగుట మొదలగును, చేతిఖర్చులకిచ్చిన డబ్బు పోవును. వయోజనులైన ధూమపాయులలో పదింట దాదాపు తొమ్మిదిమంది పదునెనిమిది నిండకముందే తొలిసారి త్రాగినవారని అమెరికా ప్రభుత్వపు వైద్యాధిపతి 2012లో ప్రకటించిన నివేదిక చెప్పుచున్నది. అనగా ఈ వ్యాపారము నిలుచుట, పెరుగుట బాలుర మీదనే యాధారపడియున్నది. ఏటేట మరణించు పాతగిరాకీ స్థానమున క్రొత్తగిరాకీ కావలెను. ఆ గిరాకీ బడిబల్ల మీద కూర్చున్నది. ఈ సత్యమును పిల్లలకు చెప్పుదమా? మన సభలలో ఎవరును చెప్పగా నేను వినలేదు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పవలసియున్నది, ఏలయనగా భయబోధకులు దీనిని తప్పక ఆలోచింపవలెను. 1998లో ఫిలిప్ మోరిస్ అను సిగరెట్టు కంపెనీ స్వయముగా అమెరికాలో పిల్లలను ఉద్దేశించి, ఆలోచించుడు, పొగత్రాగకుడని టెలివిజనులో ప్రకటనలు చేయించెను. అదే యేడు ఫ్లోరిడా రాష్ట్రమునందును, 2000 నుండి దేశమంతటను, కంపెనీలనుండి ఒప్పందము ద్వారా రాబట్టిన ధనముతో 'ట్రూత్' అను పేర మరియొక ప్రచారము నడచెను; అందు పిల్లలే మాటలాడుచు, కంపెనీలు తమ్మెట్లు మోసగింపజూచుచున్నవో బట్టబయలు చేసిరి. 2002లో ప్రకటితమైన పరిశీలనలో, రెండవదానిని చూచిన బాలురలో పొగాకుపట్ల వైముఖ్యము పెరిగినదనియు, కంపెనీవారి ప్రకటనలు చూచిన బాలురలో ఆ కంపెనీలపట్ల సద్భావమే పెరిగినదనియు తేలెను. తల్లిదండ్రులను ఉద్దేశించి, మీ పిల్లలతో మాటలాడుడని కంపెనీలు చేసిన ప్రకటనలను 2006లో పరిశీలించిన పండితులు, వానిని చూచిన పెద్దతరగతుల పిల్లలకు పొగ అంత హానికరము కాదన్న భావమును, త్రాగవలెనన్న ఉద్దేశమును బలపడియుండుటను గమనించిరి. వద్దు వద్దనుచు, ఇది పెద్దల వ్యవహారమని సూచించు బోధను అమ్మువాడే సంతోషముగా చేయుచున్నాడు. పిల్లవాని కన్నులు తెరపించి, వానిని వేటాడువాని ముఖము చూపు బోధను మాత్రము వాడు ఎన్నడును చేయడు. ఏ బోధ వానికి ఇష్టమో, ఏది కంటకమో గ్రహించినచో మన బడులలో దేనిని నడుపవలెనో తెలియును.

భయబోధ ఫలింపకపోవుటను చూచి, మరియొక వర్గమువారు ఎదుటి కొసకు పరుగెత్తి, బడివలన ఏమియు కాదు, పన్ను పెంచుడు, చట్టము చేయుడు, అంతటితో చాలునని తీర్పు చెప్పుచున్నారు. వీరికి హచిన్సన్ పరిశోధన గొప్ప ఆయుధము. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 1984 నుండి 1999 వరకు, నలువది విద్యామండలములలో 8,388 మంది పిల్లలను మూడవ తరగతినుండి బడి విడిచిన రెండేండ్ల దాక వెన్నంటి చూచిరి. సగము మండలములలో పదవ తరగతి ముగియులోగా అరువదియైదు పాఠములు చెప్పిరి. తుదకు, పాఠములు విన్నవారిలోను, విననివారిలోను రోజూ త్రాగువారు ఇంచుమించు నాలుగవ వంతే. ఈ ఫలితమును నేను తక్కువ చేయను. అది భయబోధ కాదు. ఒత్తిడిని ఎదుర్కొనుట నేర్పు పాఠములే అవి. కావున నావంటి వాడు దీనిని దాటవేయుట ధర్మము కాదు. కాని ఆ పరిశోధన ఋజువు చేసినదేమి? తరగతిగదిలో ఉపాధ్యాయుడు పాఠ్యప్రణాళికగా చెప్పిన పాఠము, ఎంత చక్కనిదైనను, తానొంటరిగా, గదివెలుపలి లోకమును మార్పక, పిల్లవానిని కాపాడలేదని. అంతియే. బడికి ఏ శక్తియు లేదని అది చెప్పలేదు. 2013లో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 134 పరిశోధనలను, నాలుగు లక్షల ఇరువదియెనిమిది వేలకు పైబడిన పిల్లలను లెక్కకు తీసికొని, కేవలము సమాచారము చెప్పుటవలన ప్రయోజనము కనబడలేదనియు, తన్ను తాను నడుపుకొను నేర్పును, ఒత్తిడిని త్రోసిపుచ్చు నేర్పును కలిపి అలవరచిన చోట ప్రయోజనము కనబడినదనియు, ఎన్నడును త్రాగని పిల్లలను దీర్ఘకాలము వెన్నంటి చూచినప్పుడు ఆరంభించువారు నూటికి 12 వంతున తగ్గిరనియు తేల్చినది. పండ్రెండు వంతులు స్వల్పమని ఎవరైన అనవచ్చును. కోట్ల మంది పిల్లలున్న దేశమున ఆ స్వల్పము ఎందరి తల్లుల కడుపుకోతను తప్పించునో వారే లెక్కకట్టవలెను.

బ్రిటనులో జరిగిన ఒక ప్రయత్నము నా కంటికి మిక్కిలి సత్యమునకు చేరువైనదిగా తోచుచున్నది. వేల్సునందును, పశ్చిమ ఇంగ్లండునందును యాభైతొమ్మిది బడులలో, పండ్రెండు పదమూడేండ్ల 10,730 మంది పిల్లల నడుమ నడచిన దాని ఫలితములు 2008లో ప్రకటింపబడెను. ఆ బడులలో సగమింటియందు, మీరు ఎవరి మాట విందురు, ఎవరిని గౌరవింతురు అని పిల్లలనే అడిగి, వారు పేర్కొన్న పిల్లలను ఎన్నుకొని, బడివెలుపల శిక్షణ యిచ్చి పంపిరి. ఆ పిల్లలు వేదిక ఎక్కలేదు. పది వారములపాటు బస్సులోను, భోజనపు బల్లవద్దను, ఆటస్థలమునందును తమ స్నేహితులతో మామూలు మాటల నడుమ ఈ మాట కలిపిరి. రెండేండ్లు చూచినప్పుడు, పొగకు అలవడు అవకాశము ఆ బడులలో నూటికి 22 వంతున తగ్గినట్లు తేలెను. ఉపాధ్యాయులు మెచ్చు బుద్ధిమంతులను గాక, తరగతి మెచ్చు నాయకులను ఎన్నుకొనుటలోనే దీని రహస్యమున్నది. మన బడులలో ఇట్టి పనికి ఎన్నుకొనబడునది ఎల్లప్పుడు మొదటి ర్యాంకు పిల్లవాడు. వాని మాట గోడచాటు గుంపులో ఎవరును వినరు. ఆ గుంపులో ఎవరి మాట చెల్లునో ఆ పిల్లవానిని మనము ముందే పనికిరానివాడని త్రోసివేసితిమి.

పరదేశపు మాటలెందుకని యందురేని, మన దేశమునందే 'మైత్రి' అను బడికార్యక్రమ మొకటి యున్నది. హైదరాబాదులో ఉస్మానియా వైద్యకళాశాలలో చదివిన మన కె. శ్రీనాథరెడ్డిగారును, వారి సహచరులును 2004 మొదలు 2006 వరకు ఢిల్లీ, చెన్నపట్టణములలోని ముప్పదిరెండు బడులలో, ఆరవ, ఎనిమిదవ తరగతుల పిల్లలతో దీనిని నడిపిరి. ఆరంభమున లెక్క తీయగా ఎవరును ఊహింపని సంగతి యొకటి బయటపడెను. ఎప్పుడైన పొగాకు రుచిచూచినవారు ఎనిమిదవ తరగతిలో నూటికి 9.3 మందియు, ఆరవ తరగతిలో నూటికి 24.8 మందియు నుండిరి. పెద్దపిల్లలకంటె చిన్నపిల్లలే ముందున్నారు. ఆరంభవయస్సు క్రిందికి దిగుచున్నది. తరగతిలో పిల్లలే నాయకులై ఆటలుగా, చర్చలుగా పాఠములు నడిపిరి. గోడలపై పటములు మారుచు వచ్చెను. ఇంటికి తల్లిదండ్రుల పేర ఉత్తరములు పోయెను. పిల్లలు తమ పరిసరములలో పొగాకు వ్యాపారపు తీరును ప్రశ్నింప నేర్చిరి. రెండేండ్లు గడచుసరికి, ఈ కార్యక్రమము లేని బడులలో పొగాకు వాడుక నూటికి 68 వంతున పెరుగగా, కార్యక్రమమున్న బడులలో నూటికి 17 వంతున తగ్గెను. తోటిపిల్లలు, తల్లిదండ్రులు, బడి వాతావరణము, వ్యాపారి కుతంత్రము, ఈ నాలుగింటిని ఒక్కమారుగ పట్టుకొన్నందుననే అది ఫలించినదని నా నమ్మకము. రోగచిత్రము అందు ఒక మూల నుండవచ్చును. కేంద్రము మాత్రము కాదు.

ఇప్పుడు నా మనస్సును మిక్కిలి బాధించు విషయమునకు వచ్చుచున్నాను. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో వేలకొలది గృహములలో తల్లి ఉదయము మొదలు రాత్రి దాక ఒడిలో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి, ఆ కూలితో బిడ్డకు పుస్తకము కొనుచున్నది. బడినుండి వచ్చిన బాలిక ఆమె ప్రక్కన కూర్చుండి బీడీల కొసలు మడచుచున్నది. ప్రకాశము జిల్లాలోను, జంగారెడ్డిగూడెపు ప్రాంతమునందును తండ్రి అప్పుచేసి వర్జీనియా పొగాకు పండించి, బ్యారనులో రాత్రింబవళ్ళు కాచి, వేలము కేంద్రములో ధర పలుకునో పలుకదో యని కూర్చున్నాడు. 1976 నుండి గుంటూరులో పొగాకు బోర్డును నడుపుచున్నది మన ప్రభుత్వమే. ఇట్టి యింటి బిడ్డను బడిలో నిలబెట్టి, పొగాకు విషము, దానిని తాకినవాడు పాపి అని గర్జించినచో, ఆ బిడ్డకు వినబడునదేమి? నీ తల్లి విషము చుట్టుచున్నది, నీ తండ్రి విషము పండించుచున్నాడు అని. ఆత్మగౌరవము గల పిల్లవాడు ఆ క్షణముననే ఉపన్యాసకుని మాటను మనస్సునుండి వెడలగొట్టి, తల్లిదండ్రుల పక్షమున నిలుచును. నిలువవలసినదే. ఇట్టి బడిలో బోధ మరియొక విధముగా నుండవలెను. నీ తల్లి భుజములు, వ్రేళ్ళు ఎందుకు నొచ్చుచున్నవి, ఆకు దుమ్ము ఆమె ఊపిరిలోనికి ఎట్లు పోవుచున్నది, పచ్చి పొగాకు తడిసిన ఆకు త్రెంపునప్పుడు రైతుకు కడుపులో త్రిప్పుట ఎందువలన, వేయి బీడీలు చుట్టినందుకు ఆమెకు దక్కునదెంత, కట్టను అమ్మినవానికి దక్కునదెంత, ఈ ప్రశ్నలను లెక్కల పీరియడులోను, సామాన్యశాస్త్రపు పీరియడులోను ఆ పిల్లలచేతనే అడిగింపవలెను. తన యింటి కష్టమును గౌరవించిన ఉపాధ్యాయుడు, నీవు మాత్రము దీనిని నోట పెట్టకుము నాయనా అన్నచో ఆ బిడ్డ వినును.

ఉపాధ్యాయుని మాట వచ్చినది కనుక మరియొక సంగతిని త్వరగా చెప్పి ముగింతును. విశ్రాంతి పీరియడులో బడి గేటు దాటి బడ్డీకొట్టు వద్ద నిలిచి కాల్చు మాస్టరును పిల్లలు రోజును చూచుచున్నారు. ఆయన ఆవరణలో కాల్చలేదు గదా యని చట్టము సంతృప్తి చెందవచ్చును. పిల్లవాని కన్ను సంతృప్తి చెందదు. మానుకొనగోరు ఉపాధ్యాయులకు వైద్యసహాయము కల్పించుట ఏ పోటీ బహుమతులకంటెను ముందు చేయవలసిన ఖర్చు. ఆ బడ్డీకొట్టు మాట యేమి? విద్యాసంస్థకు నూరు గజములలోపున పొగాకు అమ్మరాదని, పదునెనిమిదేండ్లు నిండనివారికి ఎక్కడను అమ్మరాదని 2003 నాటి చట్టము. అతిక్రమించినచో జుల్మానా రెండు వందల రూపాయలకు మించదు. పిల్లలకు పొగాకు నిచ్చినవానికి ఏడేండ్ల దాక కఠినకారాగారశిక్షయు, లక్ష రూపాయల దాక జుల్మానాయు విధింపవచ్చునని 2015 నాటి బాలల న్యాయచట్టము చెప్పుచున్నది. ఐనను పైనిచెప్పిన 2019 సర్వేలో, సిగరెట్టు త్రాగు పిల్లలలో నూటికి 69 మంది దుకాణమునుండి, బడ్డీనుండి, వీధి అమ్మకందారునుండి స్వయముగా కొనుచున్నట్లును, అట్లు కొన్నవారిలో నూటికి 45 మందికి వయస్సును బట్టి ఎవరును కాదనలేదనియు తేలినది. భయబోధకుడు సభ ముగించి కారెక్కుచున్న సమయముననే, గేటు ఎదుట విడి సిగరెట్టు అమ్ముడుపోవుచున్నది. పెట్టెతో గాక విడిగా కొన్న పిల్లవానికి ఆ 85 పాళ్ళ రోగచిత్రమును చేతికి రాదు.

మరియొక మాట. పొగాకు వ్యతిరేకదినము మే 31. ఆనాడు ఉభయ తెలుగు రాష్ట్రముల బడులకు వేసవి సెలవులు. ఆ దినమును ఆధారముగా చేసికొని నడుపు కార్యక్రమము ఏదైనను, మన యొద్ద ఖాళీగదులకు జరుపు కార్యక్రమమే యగును.

కావున జిల్లా విద్యాశాఖాధికారులకు, ప్రధానోపాధ్యాయులకు నా విన్నపము ఇది. ఉపన్యాసముల ఉత్తరువులను ఆపుడు. జూను నెలలో బడులు తెరచినంతనే ఆరవ తరగతి పిల్లలకు చీటీలిచ్చి, తమలో ఎవరి మాట తాము విందురో వ్రాయుమనుడు. ఆ చీటీలలో ఏ పేరు వచ్చినను, అల్లరివాని పేరైనను, తరగతిలో చివర కూర్చుండువాని పేరైనను తిరస్కరింపక, ఆ పిల్లలను దగ్గరకు తీసి, వారానికొక గంట వారితో కూర్చుండి, వద్దు అన్నమాటను స్నేహము చెడకుండ ఎట్లు అనవచ్చునో వారిచేతనే నటింపజేసి నేర్పుడు. ఆ పనిని ఆ యేటితో వదలక పదవ తరగతి దాక సాగింపుడు. పాఠశాల యాజమాన్య సంఘములోని తల్లిదండ్రులు టేపు పట్టుకొని గేటునుండి నూరు గజములు కొలిచి, ఆ లోపలనున్న పొగాకు అమ్మకమును పంచాయతీచేతను, పోలీసులచేతను మాన్పింపవలెను. సభ పెట్టకున్నను కొరత లేదు. ఈ రెండు పనులను ఈ విద్యాసంవత్సరముననే ఆరంభింపుడు.